అడుగుతున్నది ఏ ప్రభుత్వం?

డెన్వర్‌లో గంజాయి దుకాణం సందు చివర చీకట్లో ఉండదు. పెద్ద రోడ్డు మీద, కాఫీ షాపు పక్కన, అద్దాల తలుపులతో దర్జాగా ఉంటుంది. గుమ్మంలో ఐడీ చూసి, 21 ఏళ్లు నిండాయని తేలాకే లోపలికి పంపుతారు. కొన్నదానికి పన్ను వేసి రసీదు కూడా ఇస్తారు. కొలరాడో ఓటర్లు 2012లో దీనికి ఒప్పుకున్నారు. మన కుర్రాడొకడు స్నేహితులతో వారాంతం గడపడానికి వెళ్లి అక్కడ ఒక గమ్మీల ప్యాకెట్ కొన్నాడనుకోండి. కొలరాడో పోలీసు ఎదురుపడినా పలకరించి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకి గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ వచ్చింది. "ఎప్పుడైనా గంజాయి వాడారా?" అని అధికారి అడిగాడు. "ఒకసారి తిన్నానండీ, కానీ అక్కడ లీగలే కదా" అన్నాడు కుర్రాడు, ఉన్నది ఉన్నట్టు. ఆ గదిలో "లీగలే కదా" ఎందుకూ కొరగాదు. అడుగుతున్నది కొలరాడో కాదు. కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, మత్తుమందుల నేరం చేశానని తన నోటితో ఒప్పుకోవడమే గ్రీన్‌కార్డు ఆగిపోవడానికి కారణం కావచ్చు.

"ఇక్కడ ఇది లీగలేనా?" అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇదే. వాట్సాప్ గ్రూపులో పెడతారు, రూమ్మేట్‌ని అడుగుతారు, ఎవరో ఒకరు చెప్పిన జవాబు పట్టుకుని ముందుకు సాగిపోతారు. లోపం ప్రశ్నలోనే ఉంది. మీరు నిల్చున్న ఆ కాస్త నేలనీ రెండు ప్రభుత్వాలు పరిపాలిస్తున్నాయి. ఎవరి చట్టాలు వారివి, ఎవరి కోర్టులు వారివి, ఎవరి పోలీసులు వారివి. ఈ అధ్యాయం చదివాక మీ అలవాటు ఒక్కటి మారితే నాకు చాలు. ఏ కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, ఏ ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వచ్చినా, అడుగుతున్నది ఏ ప్రభుత్వమో ముందు తేల్చుకోండి.

ఇది మనకి వెంటనే ఒంటబట్టకపోవడానికి కారణం ఉంది. గుంటూరులో దొంగతనం చేసినా గువాహటిలో దొంగతనం చేసినా పడే సెక్షన్ ఒకటే. 2024 జులై 1 దాకా ఐపీసీ, ఆ తర్వాత భారతీయ న్యాయ సంహిత. పెళ్లి, విడాకులు, వారసత్వం కూడా చాలావరకు పార్లమెంటు చేసిన చట్టాలతోనే నడుస్తాయి. పార్లమెంటు చట్టమైనా అసెంబ్లీ చట్టమైనా తీర్పు చెప్పేది అదే కోర్టు, పైన అదే హైకోర్టు. కేంద్ర, రాష్ట్ర అధికారాల జాబితాల్లో చేరని విషయాలన్నీ మన రాజ్యాంగం కేంద్రానికి కట్టబెట్టింది. అమెరికాలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. వలసలు, దివాలా, పేటెంట్లు, రాష్ట్రాల మధ్య వర్తకం, సైన్యం లాంటివి ఫెడరల్ ప్రభుత్వానికి రాసిచ్చి, మిగిలినవన్నీ రాష్ట్రాలకీ ప్రజలకీ అని 1791లో పదో సవరణ తేల్చేసింది. అందుకే దొంగతనం, కొట్లాట, పెళ్లి, విడాకులు, ఇల్లు, వీలునామా, ట్రాఫిక్ టికెట్ అన్నీ రాష్ట్రం పని. యాభై రాష్ట్రాలు, యాభై శిక్షాస్మృతులు.

రెండు చట్టాలు ఢీకొంటే ఫెడరల్ చట్టానిదే పైచేయి అని రాజ్యాంగం ఆరో అధికరణం చెబుతుంది. 1819లో మేరీల్యాండ్ రాష్ట్రం ఫెడరల్ బ్యాంకు మీద పన్ను వేస్తే, ఆ అధికారం రాష్ట్రానికి లేదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ కొట్టేశాడు. చాలామంది ఇంతవరకే విని, "అయితే మన ఢిల్లీలాగే వాషింగ్టన్ మాటే చెల్లుతుందన్నమాట" అనుకుని వదిలేస్తారు. రెండో సగం కూడా వినాలి. ఫెడరల్ చట్టాన్ని అమలు చేయమని రాష్ట్ర పోలీసుని ఆజ్ఞాపించే హక్కు వాషింగ్టన్‌కి లేదు. తుపాకుల చట్టం మీద 1997లో వచ్చిన తీర్పు అదే చెప్పింది. కావాలంటే డబ్బు చూపించి ఒప్పించవచ్చు. తాగే వయసు అన్ని రాష్ట్రాల్లో 21 ఎలా అయిందనుకున్నారు? వయసు పెంచని రాష్ట్రానికి హైవే నిధులు కోస్తామని 1984లో కాంగ్రెస్ చట్టం చేసింది. నాలుగైదేళ్లు తిరిగేసరికి అందరూ దారికొచ్చారు.

డెన్వర్ దుకాణం గుట్టు ఇక్కడే ఉంది. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని నిషేధించింది. తమ ఇంటి పెరట్లో, తమ జబ్బు కోసం పెంచుకున్నామన్న కాలిఫోర్నియా రోగుల మీద కూడా ఆ చట్టం పనిచేస్తుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వాళ్లకి అనుమతిచ్చిన కాలిఫోర్నియా చట్టం రద్దు కాలేదు. రాష్ట్ర పోలీసు పట్టుకోడు, పట్టుకోమని వాషింగ్టన్ చెప్పలేదు. అలా ఒకే పని ఒకేసారి అనుమతీ, నిషేధమూ అయి కూర్చుంది. ఒకే లావాదేవీని ఇద్దరు గుమస్తాలు వేర్వేరు చిట్టాల్లో రాసుకుంటున్నారనుకోండి, ఒకడి చిట్టాలో కొట్టివేత రెండోవాడి చిట్టాలోకి దానంతటదే ఎక్కదు. పుట్టుకతో పౌరుడైన వాడికి ఫెడరల్ చిట్టా తెరిచే అవసరం అరుదుగా వస్తుంది. వీసా మీద ఉన్నవాడికి అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గంజాయిని తేలికపాటి జాబితాకి మార్చాలని 2024లో ఫెడరల్ ప్రభుత్వమే ప్రతిపాదించింది. జాబితా మారినా అది నియంత్రిత పదార్థమే అవుతుంది కాబట్టి, ఆ వార్తలు చూసి ధైర్యపడొద్దు. గంజాయి కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా చేరేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. రాష్ట్రం అనుమతించిన వ్యాపారమే అయినా, అందులో పనిచేయడం పౌరసత్వ దరఖాస్తుకి అడ్డం పడవచ్చని 2019లో వలసల శాఖ రాతపూర్వకంగా చెప్పింది.

రాష్ట్రం మాఫీ చేస్తే

మనవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది గంజాయి కాదు, దుకాణాల్లో జరిగే చిల్లర దొంగతనాల కేసులు. టెక్సాస్‌లో ఒక విద్యార్థి బిల్లు కట్టకుండా సామాను తెచ్చి దొరికాడనుకుందాం. కోర్టు పెట్టిన లాయరు వచ్చి మంచి మాటే చెబుతాడు: "డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో. తప్పు ఒప్పుకో, ఏడాది బుద్ధిగా ఉండు, శిక్ష పడినట్టు రికార్డులోకే ఎక్కదు." టెక్సాస్ చట్టం ప్రకారం అందులో అబద్ధమేమీ లేదు. కానీ శిక్ష పడిందంటే ఏమిటో వలసల చట్టానికి 1996 నుంచి తనదైన నిర్వచనం ఉంది. నిందితుడు నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక శిక్షో, ప్రొబేషనో, ఆంక్షో పెడితే చాలు, అది శిక్ష పడిన కేసే. తర్వాత రాష్ట్రం రికార్డు చెరిపేసినా ఫెడరల్ చూపులో చెరగదు.

ప్రతి చిన్న కేసూ మనిషిని దేశం దాటిస్తుందని కాదు. ఒప్పందంలో ఏ సెక్షన్ రాశారు, నేరం ఒప్పుకున్నారా లేదా, గరిష్ఠ శిక్ష ఎంత అన్నవాటిని బట్టి ఫలితం తల్లకిందులవుతుంది. నేరం ఒప్పుకోకుండానే, నిబంధనల మీద కేసు పక్కన పెట్టే పద్ధతులు కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని కౌంటీల్లో ఉన్నాయి. క్రిమినల్ లాయరుకి రెండు ఒప్పందాలూ ఒకేలా కనిపించవచ్చు, ఇమ్మిగ్రేషన్ లాయరుకి మాత్రం కనిపించవు. వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి, నలభై ఏళ్లుగా గ్రీన్‌కార్డు మీద ఉన్న ఒక లారీ డ్రైవరు, "ఇన్నేళ్లుగా ఉన్నావు, నీకేం భయం లేదు" అన్న లాయరు మాట నమ్మి గంజాయి రవాణా నేరం ఒప్పుకున్నాడు. బహిష్కరణ ప్రక్రియ మొదలైంది. ఆ కేసే పడిల్లా వర్సెస్ కెంటకీ. నేరం ఒప్పుకుంటే వలస హోదా ఏమవుతుందో చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు మీకు ఇచ్చిన హక్కుని వాడుకోండి. సంతకం పెట్టే ముందు, "ఈ ఒప్పందం కాగితం నా ఇమ్మిగ్రేషన్ లాయరు చూడాలి, వాయిదా అడగండి" అనండి. లాయర్లు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి.

కేసు ముగిశాక కోర్టు ముద్ర వేసిన తుది ఉత్తర్వు నకళ్లు కొన్ని తీసి దాచుకోండి. రికార్డు చెరిపేయించాక అవే కాగితాలు కోర్టులో దొరకకపోవచ్చు. ఫెడరల్ అధికారి మాత్రం పదేళ్ల తర్వాత కూడా వాటినే అడుగుతాడు.

తాగి బండి నడిపిన కేసుల్లో ఇంకో మెలిక ఉంది. లైసెన్సు ఆపేది రాష్ట్రం. పాస్‌పోర్టులో ఉన్న వీసా స్టాంపుని మాత్రం విదేశాంగ శాఖ అరెస్టు వార్త అందగానే రద్దు చేయవచ్చు, నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు. స్టాంపు పోయినంత మాత్రాన దేశంలో మీ హోదా ఆ క్షణమే పోయినట్టు కాదు గానీ, చెల్లి పెళ్లికని హైదరాబాద్ వెళ్తే తిరిగి రావడానికి మళ్లీ కాన్సులేట్ మెట్లెక్కాలి.

జీతం, బాండు

జీతాల దగ్గర రెండు చట్టాలు పోట్లాడుకోవు. ఫెడరల్ చట్టం కింది హద్దు గీస్తుంది, రాష్ట్రం దానికి పైన ఎంతైనా పెట్టుకోవచ్చు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ గంటకి 7.25 డాలర్లే. టెక్సాస్ అక్కడే ఆగింది. 2025లో కాలిఫోర్నియాలో 16.50, న్యూజెర్సీలో 15.49. జార్జియా పుస్తకంలో ఇప్పటికీ 5.15 అని ఉంటుంది. అట్లాంటాలో ఎవరైనా ఆ అంకె చూపిస్తే నవ్వి ఊరుకోండి, చాలా ఉద్యోగాలకి ఫెడరల్ హద్దే వర్తిస్తుంది. రెంటిలో పనివాడికి ఏది ఎక్కువైతే అది.

మన కన్సల్టెన్సీల బాండ్ల దగ్గర అసలు కథ మొదలవుతుంది. "పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే పదిహేను వేల డాలర్లు కట్టాలి" అన్న కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు. హెచ్-1బి ఉద్యోగి ముందుగా మానేశాడని జరిమానా వసూలు చేయడాన్ని ఫెడరల్ నిబంధన నిషేధించింది. కంపెనీకి నిజంగా జరిగిన నష్టానికి ముందే లెక్కగట్టుకున్న పరిహారాన్ని మాత్రం అనుమతించింది. ఏది జరిమానా, ఏది పరిహారం? దాన్ని సంబంధిత రాష్ట్ర చట్టాన్ని బట్టి తేల్చాలని ఆ ఫెడరల్ నిబంధనే చెబుతుంది. అంటే ప్రశ్న పుట్టింది వాషింగ్టన్‌లో, జవాబు దొరికేది న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో. అందుకే "బాండు చెల్లదంట" అని ఒకరూ, "మావాడు కట్టాడు" అని ఇంకొకరూ చెప్పేవి రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. వాళ్లిద్దరి ఆఫర్ లెటర్లలో ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని రాసుందో ఎవరూ చెప్పరు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే ఆ వాక్యాన్ని జీతం అంకె కన్నా ముందు చదవండి. హెచ్-1బి పిటిషన్‌కి కట్టే శిక్షణ రుసుము మాత్రం ఏ రాష్ట్రంలోనూ, ఏ పేరు పెట్టినా మీ నుంచి రాబట్టకూడదు.

పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు దగ్గర ఫెడరల్ హద్దంటూ లేదు. దేశమంతటా అలాంటి షరతుల్ని నిషేధిస్తూ 2024లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమాన్ని అదే ఏడాది టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కాబట్టి మళ్లీ రాష్ట్రం మాటే. కాలిఫోర్నియాలో ఆ షరతు చెల్లదు. టెక్సాస్‌లో కాలం, ప్రాంతం హేతుబద్ధంగా ఉంటే చెల్లుతుంది.

హెచ్-1బి ఉద్యోగిని ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొడితే రెండు తలుపులూ తట్టవచ్చు. పని చూపించలేకపోవడం కంపెనీ తప్పు, జీతం ఆపకూడదని ఫెడరల్ చట్టం. దాని మీద కార్మిక శాఖకి డబ్ల్యూహెచ్-4 ఫారం పెట్టాలి, గడువు పన్నెండు నెలలు. అదే బాకీ మీద రాష్ట్ర కార్మిక విభాగంలో వేతన క్లెయిము వేరే వేయవచ్చు. "వీసా వాళ్ల చేతుల్లో ఉంది" అన్న భయంతో ఆ పన్నెండు నెలలూ గడిపేయకండి.

ఇంట్లో కూర్చున్న రెండు చట్టాలు

కుటుంబ విషయాలు పూర్తిగా రాష్ట్రానివే అంటారు. నా లెక్కలో రెండు చట్టాలూ అన్నిటికన్నా ఎక్కువగా ఒరుసుకునేది అక్కడే.

హెచ్-4 మీద ఉన్న ఆడపిల్లలు చాలామంది "నేను డిపెండెంట్‌ని, నాకేం హక్కులుంటాయి" అనుకుని నోరు మూసుకుంటారు. భర్త మీద ఆధారపడిందని రాసింది ఫెడరల్ వీసా కాగితం. ఫ్యామిలీ కోర్టు రాష్ట్రానిది. ఆస్తి పంచేటప్పుడు ఆ జడ్జి మీ వీసా తరగతి చూడడు. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో, పెళ్లయ్యాక భార్యాభర్తల్లో ఎవరి సంపాదనతో కొన్నదైనా, ఎవరి పేరు మీదున్నా, అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి. కాలిఫోర్నియాలో సగం సగం. టెక్సాస్‌లో జడ్జికి న్యాయమనిపించినట్టు. అయితే అదే కోర్టు విడాకుల ఉత్తర్వు ఇచ్చిన రోజున ఫెడరల్ వీసా హోదాకి ఆధారం పోతుంది. కాబట్టి హెచ్-4 మీదున్న వ్యక్తి విడాకుల తేదీని ఇమ్మిగ్రేషన్ లాయరుతో కలిసి లెక్క వేసుకోవాలి, ఫ్యామిలీ లాయరు ఒక్కరితో కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి రాష్ట్ర కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు సరిహద్దు దగ్గర ఆగిపోదు. ఒక రాష్ట్రం ఇచ్చింది మిగతా రాష్ట్రాలన్నీ పాటించాలని 1994 నాటి ఫెడరల్ చట్టం. డాలస్ నుంచి న్యూజెర్సీలో అక్క ఇంటికి వెళ్లిపోయినా ఆ కాగితం పనిచేస్తుంది.

పౌరసత్వం ఉన్నవాడు ఇండియా వెళ్లి పెళ్లి చేసుకుని, భార్యను తెచ్చుకోవడానికి ఐ-864 మీద సంతకం పెడతాడు. చాలామంది దాన్ని ఇంకో ఫారం అనుకుంటారు. అది ఫెడరల్ ప్రభుత్వానికి రాసిచ్చిన ఒప్పందం. ఆమె ఆదాయం పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకుండా చూస్తానన్న హామీ. ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా దాదాపు పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా దేశం వదిలి వెళ్లిపోయేదాకా అది బతికే ఉంటుంది. రాష్ట్ర కోర్టు విడాకులు ఇచ్చి భరణం సున్నా అన్నా ఈ బాకీ పోదు. పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందం కూడా దీన్ని ఆపలేదని 2016లో పశ్చిమ తీరపు ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది.

ఇక 401(కె), అంటే కంపెనీ ద్వారా పొదుపు చేసే రిటైర్మెంట్ ఖాతా. ఇది చదువుతున్నవాళ్లలో సగం మంది ఈ సాయంత్రమే ఒక పని చేయాల్సి రావచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో విడాకులు అయితే మాజీ భార్య నామినీ హక్కు దానంతటదే రద్దవుతుందని ఒక చట్టం ఉండేది. మంచి చట్టమే. బోయింగ్ ఉద్యోగి ఒకాయన 1994లో విడాకులు తీసుకుని, ఫారాలు మార్చకుండానే రెండు నెలలకి కారు ప్రమాదంలో చనిపోయాడు. మొదటి పెళ్లి పిల్లలు రాష్ట్ర చట్టం చూపించి బీమా, పెన్షన్ డబ్బు తమదన్నారు. కంపెనీలిచ్చే పెన్షన్, బీమా పథకాలు 1974 నాటి ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, అందులో రాష్ట్రం వేలు పెట్టకూడదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఫారం మీద పేరున్న మాజీ భార్యదే డబ్బు.

దీనికి మన ఇళ్లలో మరో రూపం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుర్రాడు నామినీగా అమ్మ పేరు రాస్తాడు. పెళ్లయింది. పేరు మార్చలేదు. అతనికి ఏమైనా అయితే, ఆ ఫారంలో అమ్మ పేరున్నా, చాలా పథకాల్లో అదే ఫెడరల్ చట్టం ప్రకారం 401(కె) డబ్బు భార్యకే వెళ్తుంది. అమ్మకి వెళ్లాలంటే భార్య నోటరీ ముందో, పథకం ప్రతినిధి ముందో రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. ఉద్యోగం మారాక అదే డబ్బు ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలోకి మార్చుకున్నాడా, ఆ ఫెడరల్ రక్షణ పోయి ఫారం మీదున్న పేరూ, రాష్ట్ర ఆస్తి చట్టమూ రంగంలోకి వస్తాయి. వీలునామాలో ఎంత ముచ్చటగా రాసుకున్నా ఈ ఖాతాలని అది తాకదు. కాబట్టి పెళ్లి, విడాకులు, బిడ్డ పుట్టడం, ఉద్యోగం మారడం, వీటిలో ఏది జరిగినా కంపెనీ పోర్టల్‌లోకి వెళ్లి బెనిఫిషియరీ పేరు చూసుకోండి.

మూడో చిట్టా కూడా ఉంది, అది ఇండియాలో. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒకాయన, మిస్సోరీ కోర్టులో 1980లో విడాకులు పొంది, యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మిస్సోరీకి ఆ విడాకులు సక్రమమే. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య అంగీకరించని కోర్టు ఇచ్చిన ఆ ఉత్తర్వు ఇండియాలో చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరూ కోర్టు ముందుకు వచ్చి పోరాడిన, లేదా ఇద్దరూ ఒప్పుకున్న విడాకుల సంగతి వేరు. అమెరికాలో విడాకులు తీసుకుంటూ ఇండియాలో మళ్లీ పెళ్లి చేసుకునే ఆలోచన ఉన్నవాళ్లు ఈ తీర్పు గురించి లాయర్ని అడగకుండా ముహూర్తం పెట్టించుకోవద్దు.

పన్నుల గురించి ఒక్క మాట. వాషింగ్టన్ మినహాయించినదాన్నల్లా రాష్ట్రం మినహాయించాలని లేదు. వైద్య ఖర్చుల కోసం హెచ్ఎస్ఏలో వేసే డబ్బుకి ఫెడరల్ పన్ను లేదు గానీ, మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీలు రెండూ దానికి పన్ను వేస్తాయి.

లాయర్ని పెట్టుకునేటప్పుడు కూడా అది ఏ ప్రభుత్వం సంగతో ముందు తేల్చుకోవాలి. లాయర్లకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. వలసల చట్టం ఫెడరల్ కాబట్టి షికాగో లాయరు డాలస్‌లో ఉన్న మీ గ్రీన్‌కార్డు చూడవచ్చు. ఆయన పనితనం నచ్చిందని డాలస్ విడాకుల కేసు ఆయన చేతిలో పెట్టాలంటే ఆయనకి టెక్సాస్ లైసెన్సు ఉండాలి. ఇంకో సంగతి, మన ఊళ్లలో నోటరీ అంటే సాధారణంగా అడ్వకేటే. అమెరికాలో పార్సిల్ కొట్టు గుమస్తా కూడా నోటరీ కావచ్చు, అతను చట్టం గురించి సలహా చెప్పడానికి వీల్లేదు. ఎవరికైనా ఫీజు కట్టే ముందు రాష్ట్ర బార్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి. లైసెన్సు ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయో చాలా రాష్ట్రాల్లో ఉచితంగానే కనిపిస్తుంది.